పొలంబడికి వెళ్లాలా వద్దా? ఒక వరి రైతు రివ్యూ

మా పశ్చిమ గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) నారుమళ్లు పోసే రోజులొచ్చాయంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు, "పొలంబడికి పేరు ఇమ్మంటున్నారు, వెళ్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా, పని చెడగొట్టుకోవడమేనా" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. ముందే చెప్పేస్తున్నాను: సరిగ్గా నడిపేవాళ్లు దొరికితే తప్పకుండా వెళ్లండి, ఒక్క వారం కూడా మానకండి. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మొక్కుబడిగా నడిపేచోట మాత్రం ఒకటి కూడా ఎక్కువే, ఆ పూట చేలో కలుపు తీయించుకోవడం మేలు. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో, దాన్ని ఎలా కనిపెట్టాలో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం. పొలంబడి అంటే పాతిక నుంచి ముప్పై మంది రైతులు పంట కాలమంతా వారానికో పూట ఒకరి చేను గట్టు మీద కలుసుకుని, ఆ చేనునే చూస్తూ నేర్చుకోవడం. ఫీజేమీ లేదు. చార్టులు, స్కెచ్ పెన్నులు, భూతద్దం, నోటుపుస్తకం వాళ్లే ఇస్తారు, టీ బిస్కెట్లు కూడా ఉంటాయి. నడిపించేది వ్యవసాయ శాఖ వాళ్లు, అంటే మా దగ్గర గ్రామ వ్యవసాయ సహాయకులు, అప్పుడప్పుడు మండల వ్యవసాయ అధికారి (ఏఓ) గారు. కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థలు కూడా నడుపుతాయి. ఎంచుకున్న చేనులో ఒక ముక్క రైతు మామూలుగా చేసే పద్ధతిలో సాగుతుంది, పక్కనే ఇంకో ముక్క అందరూ కలిసి తేల్చుకున్న ప్రకారం సాగుతుంది. మాసూళ్లప్పుడు రెండూ విడివిడిగా నూర్చి తూకం వేస్తారు.

పూట ఎలా గడుస్తుందో చెబుతాను. ఎండెక్కకముందే చేలోకి దిగుతారు. ఐదారుగురు చొప్పున జట్లు. ఒక్కో జట్టు చేనులో అక్కడక్కడా తిరిగి ఓ ఇరవై దుబ్బులు చూస్తుంది. పిలకలెన్ని, ఆకు రంగు ఎలా ఉంది, దుబ్బు మొదట్లో దోమ (రసం పీల్చే సుడిదోమ) ఉందా, ఉంటే ఎన్ని, సాలీళ్లెన్ని, మొవ్వులు చచ్చాయా, నీళ్లు ఎంత లోతున్నాయి, ఇవన్నీ ఒకరు వంగి చూసి చెబుతుంటే ఇంకొకరు రాసుకోవాలి. ఆ తర్వాత గట్టెక్కి, చెట్టు నీడన పట్టా పరుచుకుని, పెద్ద చార్టు మీద బొమ్మ వేయాలి. మధ్యలో వరి దుబ్బు, ఒకపక్క శత్రు పురుగులు, ఇంకోపక్క మిత్ర పురుగులు, పైన ఎండో మబ్బో, కింద నీటి మట్టం. అడుగున ఈ వారం చేనుకి ఏం చేయాలో, ఏం చేయక్కర్లేదో రాయాలి. కాగితాల్లో దీనికి పెద్ద పేరే ఉంది, మేం మాత్రం చార్టు అనే అంటాం.

అప్పుడు ఒక్కో జట్టు నుంచి ఒకరు లేచి చార్టు పట్టుకుని అందరి ముందూ చెప్పాలి. మిగతావాళ్లు అడగొచ్చు, కాదనొచ్చు, ఎందుకని నిలదీయొచ్చు. వారం వారం చెప్పే మనిషి మారాలి, ఎప్పుడూ మాట్లాడేవాళ్లే లేస్తే కుదరదు. నేను ఇచ్చిన నాలుగున్నరలో మూడు మార్కులు ఈ అరగంటకే. ఎందుకంటే చేలో తిరిగినప్పుడు అన్నీ చూశామనే అనుకుంటాం, తీరా నిలబడి చెప్పాల్సి వచ్చేసరికి "దోమ ఉందన్నావు, పిల్లదోమా, రెక్కలొచ్చిందా?" అని వెనక నుంచి ఒకాయన అడుగుతాడు, అక్కడ మాట ఆగిపోతుంది. పిల్లదోమ ఎక్కువుంటే అది ఈ చేలోనే పుట్టి పెరుగుతోందని, రెక్కల దోమే ఎక్కువుంటే బయటి నుంచి కొత్తగా దిగిందేమో చూసుకోవాలని అప్పుడు చర్చ నడుస్తుంది. తర్వాతి వారం ఆ జట్టు దుబ్బులు చూసే తీరే మారిపోతుంది. ఎవరూ వాళ్లకి పాఠం చెప్పలేదు, అడిగితే చెప్పాలి కదా అన్న ధ్యాస ఒక్కటే వాళ్లని వంగి చూసేలా చేసింది.

మా ఊరి పొలంబడిలో నాకు బాగా గుర్తుండిపోయిన చర్చ ఒకటి రాస్తాను, పద్ధతి అంతా అందులోనే ఉంది. దుబ్బు మొదట్లో దోమతో పాటు ఆకుపచ్చగా, నల్ల మచ్చతో, కాస్త చురుగ్గా పరిగెత్తే పురుగు ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్నీ దోమ కిందే లెక్కేస్తారు. ఒక జట్టు చార్టులో అది శత్రు పురుగుల వైపు ఉంది, పక్క జట్టు చార్టులో మిత్ర పురుగుల వైపు ఉంది. ఇంకేముంది, గోల. పెద్దాయన ఒకాయన ఆ పురుగుని గుప్పిట్లో పట్టుకొచ్చి మా వ్యవసాయ సహాయకురాలిని అడిగాడు, "ఇదేంటమ్మా, దోమేనా కాదా, నువ్వు చదువుకున్నదానివి, తేల్చెయ్" అని.

ఆ అమ్మాయి తేల్చలేదు. "ఎక్కడ దొరికిందండీ బాబాయ్ గారూ?" అంది.

"దుబ్బు మొదట్లో."

"ఏం చేస్తోందండీ అక్కడ? కదలకుండా కూర్చుని రసం పీలుస్తోందా, తిరుగుతోందా?"

"తిరుగుతోంది. చేయి పెడితే పరిగెత్తింది."

"దోమ ఉన్న దుబ్బుల్లోనే ఉందా, లేనివాటిల్లో కూడా ఉందా?"

ఆయనకి తెలియలేదు. లేచి మళ్లీ చేలోకి దిగాడు, ఆయన వెంట ఇంకో నలుగురు దిగారు. తిరిగొచ్చి, దోమ ఎక్కువున్నచోటే ఇదీ ఎక్కువుందని చెప్పారు. అయితే రెండూ కలిసే తింటున్నాయేమో అన్నాడొకడు. అప్పుడా అమ్మాయి రెండు పెద్ద ప్లాస్టిక్ సీసాలు తెప్పించింది. రెండింట్లోనూ వరి పిలక పెట్టి, ఒకదాంట్లో ఆ పచ్చ పురుగులు మాత్రమే, రెండోదాంట్లో వాటితో పాటు పిల్లదోమలు వదిలి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, చెట్టు కింద నీడలో పెట్టించింది. కీటకాల జూ అంటారు దీన్ని. పక్కనే ఇంకో సీసాలో సాలీడునీ, లెక్కపెట్టి దోమల్నీ వదిలారు. మర్నాడు పొద్దున్న పిలవకుండానే జనం చేరిపోయారు. సాలీడు సీసాలో దోమలు బాగా తగ్గిపోయాయి. వరి చేలో నేల మీద పరిగెత్తే ఆ సాలీడు రోజుకి ఐదు నుంచి పదిహేను దాకా పురుగుల్ని తినగలదు. పచ్చ పురుగు ఉన్న సీసాలో ఒక పిల్లదోమని అది సూది లాంటి మూతితో పొడిచి పట్టుకోవడం భూతద్దంలో కనిపించింది. భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడమే. దాని పేరు మిరిడ్ నల్లి అని, దోమ గుడ్లనీ పిల్లల్నీ తింటుందని ఆ అమ్మాయి అప్పుడు చెప్పింది. పేరు మాత్రమే ఆమె ఇచ్చింది, మిగతాది వాళ్లు చూసిందే.

చర్చ అక్కడితో ఆగలేదు, అసలు విలువైన మాట తర్వాత వచ్చింది. వెనక కూర్చున్న కౌలు రైతు ఒకాయన, అప్పటిదాకా పెద్దగా నోరు విప్పని మనిషి, "అందుకేనేమోనండి, కిందటి సార్వాలో నేను ముందుగా మందు కొట్టిన చేనుకే తర్వాత దోమ ఎక్కువ పట్టింది" అన్నాడు. ఏం మందు కొట్టావని అడిగారు. కొట్టువాడు ఇచ్చిందేనన్నాడు, డబ్బా రంగు చెప్పాడు, అది సింథటిక్ పైరిథ్రాయిడ్ రకమని తేలింది. ఇక ఒక్కొక్కరూ తమ చేలో జరిగింది చెప్పడం మొదలుపెట్టారు. ఆ రకం మందు కొడితే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోతాయి. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగులో, కణజాలం లోపల పెట్టి ఉంటాయి కాబట్టి వాటికేమీ కాదు. కొన్ని రోజులకి గుడ్లు పగిలి పిల్లలొస్తాయి, వాటిని తినేవాళ్లు చేలో ఉండరు. ఈ గొలుసులో ఒక ముక్క ఒకరికి, ఇంకో ముక్క ఇంకొకరికి ముందే తెలుసు. కౌలు రైతుకి తన నష్టం తెలుసు, పెద్దాయనకి పురుగు ఎక్కడ తిరుగుతుందో తెలుసు, వ్యవసాయ సహాయకురాలికి గుడ్లు ఎక్కడుంటాయో తెలుసు. అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునేదాకా అవి కలవలేదు. ఆ కౌలు రైతు ఆ పూట నోరు విప్పకపోయి ఉంటే మాకు దొరికేది ఒక పురుగు పేరు మాత్రమే.

పొలంబడి పుట్టిందే ఈ దోమ వల్ల. 1985-86 ప్రాంతంలో ఇండోనేషియాలోని జావాలో సుడిదోమ వరి పంటని దెబ్బతీసింది. అంతకుముందే ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్‌మోర్ అనే కీటక శాస్త్రవేత్త, దోమ ఉధృతికి పురుగుమందులే కారణమవుతున్నాయని, అవి మిత్ర పురుగుల్ని చంపడం వల్లే ఇదంతా అని తన పరిశోధనలో చూపించాడు. 1986లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది, మందుల మీద ఇచ్చే సబ్సిడీని కూడా తర్వాత ఎత్తేసింది. కానీ మందు మానేయమని ఆర్డరు వేసినంత మాత్రాన ఏ రైతు మానేస్తాడు? చేలో పురుగు కనపడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడానికి ధైర్యం కావాలి కదా. అందుకని 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అదే ఎఫ్‌ఏఓ, సాయంతో రైతులే కలిసి చూసి, వాదించుకుని, తేల్చుకునే ఈ పద్ధతి మొదలైంది. పదేళ్లలో అక్కడ పది లక్షల మంది దాకా రైతులు ఇందులో కూర్చున్నారు. ఇప్పుడు 90కి పైగా దేశాల్లో ఉంది. పత్తి, కూరగాయలు, పశువులు, అన్నింటికీ వాడుతున్నారు. మా దగ్గర జట్లుగా వేసే చార్టు, సీసాల్లో జూ, సమాధానం చెప్పకుండా ఎదురు ప్రశ్న వేయడం, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

ఆకులు కత్తిరించే ప్రయోగం కూడా చెప్పాలి, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ గొడవ దాని మీదే జరుగుతుంది. పిలకల దశలో ఆకుముడత పురుగు ఆకుల్ని తెల్లగా గీకేస్తే చూసేవాడికి ప్రాణం పోయినట్టుంటుంది, వెంటనే స్ప్రేయర్ భుజానికెత్తుతాం. అందుకని చేలో చిన్న మడిలాగా హద్దులు కట్టి, కత్తెరతో ఆకుల్ని కొంత మేర కత్తిరిస్తారు, పక్క మడిని అలాగే వదిలేస్తారు. చేను గలాయన భార్య వచ్చి "పచ్చటి చేను కత్తిరించడానికి మీకు చేతులెలా వచ్చాయండీ" అని తిట్టింది, ఆవిడ బాధ న్యాయమైనదే. కానీ రెండు మూడు వారాలకి ఆవిడే రోజూ వచ్చి చూసి, కొత్త ఆకులు ఎలా వచ్చాయో అందరికీ చూపించింది. పిలకల దశలో కొంత ఆకు పోయినా వరి తట్టుకుని మళ్లీ వేసుకుంటుంది, పోటాకు, అంటే కంకి కిందుండే చివరి ఆకు, పోతే మాత్రం గింజ మీద దెబ్బ పడుతుంది. దీన్ని నేను ఎన్నో చోట్ల చదివాను, అధికారుల నోట విన్నాను. ఆవిడ చెబితే మా వీధిలో నమ్మినంతమంది ఆ కరపత్రాల్ని నమ్మలేదు.

వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులకి 1990ల్లో ఇదే మాట చెప్పారు, వరి వేశాక మొదటి 40 రోజులు ఆకు తినే పురుగులకి మందు కొట్టకండి, నమ్మకం లేకపోతే మీ చేలోనే ఓ ముక్క వదిలి చూడండి అని. చాలామంది చూశారు, మందు తగ్గించారు. చెప్పినవాళ్లు "చూడండి" అనడం వల్లే అది పనిచేసిందని నాకనిపిస్తుంది.

ఇక లోపాలకి వస్తాను, ఇవి చిన్నవేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పొలంబడిలో నేర్చుకున్నది పక్క రైతుకి దానంతటది పాకదు. వెళ్లినవాడు వచ్చి పదిమందికి చెబుతాడులే, ఊరంతా మారుతుంది అని పైవాళ్లు లెక్క వేస్తారు. ఇండోనేషియా పొలంబడుల మీదే ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2004లో అచ్చు వేసిన అధ్యయనాల్లో ఆ లెక్క తప్పింది. వెళ్లినవాళ్లకి కొంత తెలివిడి పెరిగింది గానీ అది ఊళ్లో మిగతావాళ్లకి చెప్పుకోదగ్గంతగా చేరలేదని, దిగుబడిలో, మందుల వాడకంలో పెద్ద మార్పేమీ కనపడలేదని తేల్చారు. ఆ అధ్యయనంతో విభేదించినవాళ్లు ఉన్నారు, మందులు బాగా తగ్గాయని చూపిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. నా అనుభవంలో మాత్రం పాకదన్న మాట నిజం. టీ కొట్టు దగ్గర కూర్చుని పక్క చేను ఆయనకి "దుబ్బుకి పదీ పదిహేను దోమలు దాటేదాకా కంగారు పడకు, సాలీళ్లు కూడా లెక్కపెట్టుకో" అని చెబితే తలూపుతాడు, మర్నాడు మందు కొడతాడు. అదే మనిషిని చేలోకి తీసుకెళ్లి ఆయన దుబ్బే ఆయన చేత తట్టించి, నీళ్ల మీద పడినవాటిలో ఏది దోమ, ఏది కాదు అని ఆయన్నే అడిగితే అప్పుడు ఆగి ఆలోచిస్తాడు. కాబట్టి పొలంబడికి వెళ్లొచ్చాక మీరు చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టండి. శాఖ వాళ్లకి నా విన్నపం కూడా ఇదే. ఒక ఊళ్లో ఒక్కసారి నడిపి టిక్ పెట్టుకుని వెళ్లిపోకుండా, అక్కడ బాగా మాట్లాడినవాళ్ల చేత పక్క చెరువు కింద ఇంకోటి నడిపించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమంలో అలా చేస్తున్నారు, సాగు చేసి చూసిన రైతులే వేరే ఊళ్లకి వెళ్లి నేర్పుతున్నారు, అందులో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు ఎక్కువ. పాత ఖమ్మం జిల్లా పునుకుల, పాత వరంగల్ జిల్లా ఏనబావి పురుగుమందులు మానేశాక వేరే ఊళ్ల రైతులు బస్సులెక్కి వెళ్లింది కూడా అక్కడి రైతు నోటితో, ఆ చేలోనే వినడానికి.

రెండోది, పిలిచేవాళ్లని ఎంచే పద్ధతి. డెల్టాలో చేలు చేసేది ఎక్కువగా కౌలు రైతులు. వంగి ఊడ్చేది, కలుపు తీసేది ఆడవాళ్లు. జాబితాలో మాత్రం పాస్‌బుక్ ఉన్న మగవాళ్ల పేర్లే ముందుంటాయి, వాళ్లలో కొందరు చేలో దిగి ఏళ్లయింది. పైన చెప్పిన చర్చల్లో మలుపు తిప్పిన మాటలు ఎవరివో మళ్లీ చూడండి, ఒకటి కౌలు రైతుది, ఒకటి చేను గలాయన భార్యది. వాళ్లని పిలవకుండా నడిపే పొలంబడికి నేను రెండు మార్కులు కోస్తాను. కూలికి వెళ్లే ఆడవాళ్లకి పొద్దుటి పూట కుదరదంటే, వాళ్లకి కుదిరే వేళకి పెట్టాలి.

మూడోది మీరూ చూసే ఉంటారు. జిల్లాలు పేర్లు వద్దు గానీ, నేను చుట్టపు చూపుగా వెళ్లినచోట ఒక "పొలంబడి" చూశాను. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, ఫ్లెక్సీ కట్టారు. ఒకాయన మైకు పుచ్చుకుని గంటసేపు మాట్లాడారు, చెప్పింది తప్పేమీ కాదు, మంచి విషయాలే. తర్వాత అందర్నీ గట్టు మీద నిలబెట్టి ఫొటో తీశారు, సంతకాలు పెట్టించుకున్నారు, అయిపోయింది. చేలో ఒక్కరి కాలూ తడవలేదు. పక్కన కూర్చున్నాయన్ని ఏం నేర్చుకున్నావు బాబాయ్ అని అడిగితే, "మందు తగ్గించమన్నారు" అన్నాడు. ఎప్పుడు తగ్గించాలి, ఎందుకు, ఎంత అంటే చెప్పలేకపోయాడు. అది ఆయన తప్పు కాదు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకా చిన్న చిన్నవి. వారానికోసారే కాబట్టి మధ్యలో అగ్గితెగులు లాంటిది పుంజుకుంటే పొలంబడి కోసం ఆగలేం, అప్పుడు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. కలుపు మీద చర్చ తక్కువ, వెద పద్ధతిలో వేసేవాళ్లకి అసలు సమస్య అదే. ధాన్యం అమ్మకం, గోనె సంచులు, తేమ శాతం గొడవలు, వీటికి పొలంబడిలో చోటే లేదు, ఉండాలి.

మిగతా దారులతో పోలిస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. పురుగుమందుల కొట్టులో సలహా ఉచితమే, కానీ ఆయన సరుకు అమ్ముకోవాలి, అప్పు మీద ఇస్తాడు కాబట్టి మనం ఎదురు ప్రశ్న వేయలేం. యూట్యూబ్‌లో మంచి వీడియోలు ఉన్నాయి, నేనూ చూస్తాను, అయితే వీడియోలో చేను మన చేను కాదు, మన నేలకి, మన సాంబమసూరికి అది వర్తిస్తుందో లేదో అడగడానికి అక్కడ మనిషి ఉండడు. వాట్సాప్ గ్రూపులో ఆకు ఫొటో పెడితే పది నిమిషాల్లో ఐదు మందుల పేర్లు వస్తాయి, "చేలో నీళ్లెన్ని ఉన్నాయి, యూరియా ఎప్పుడు వేశావు" అని తిరిగి అడిగేవాళ్లు అరుదు. యూరియా ఎక్కువైతే దోమా, పాముపొడ తెగులూ రెండూ పెరుగుతాయి కాబట్టి మందు పేరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అదే. పొలంబడిలో మా జట్టు చార్టు అడుగున "ఎకరానికి అర బస్తా యూరియా" అని రాస్తే పక్క జట్టు నిలదీసింది, దోమ పెరుగుతోందని మీరే రాశారు, మళ్లీ యూరియా ఎందుకని. ఆకు పాలిపోయింది కాబట్టి అన్నాం. పాలిపోయింది ఎక్కడెక్కడ అన్నారు. వెళ్లి చూస్తే నీళ్లు నిలిచిన పల్లంలోనే. ముందు నీళ్లు తీసి రెండు రోజులు ఆరబెట్టి చూద్దామని తేలింది, దోమకి కూడా అదే మందు. ఊడ్చేటప్పుడు ప్రతి రెండు మీటర్లకి ఇరవై సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని ఎందుకంటారో, గాలీ వెలుతురూ మొదలుకి తగలడం అంటే ఏమిటో ఆ పల్లంలో నిలబడ్డప్పుడు అర్థమైంది. అక్కడ బాటలు పూడిపోయి ఉన్నాయి.

ఖర్చు సంగతి. కలిసి తేల్చుకున్న ముక్కలో మందు కొట్టడం తగ్గింది, దిగుబడి తగ్గలేదు. మా పొలంబడి చేనులో జరిగింది ఇది, మీ చేనులో ఇలాగే అవుతుందని నేను హామీ ఇవ్వను. ఏ ఏడాదికా ఏడు వేరు, దోమ బాగా పట్టే రకం వేసిన ఏడాది మందు కొట్టక తప్పకపోవచ్చు. ఆ నిర్ణయం లెక్క చూసుకుని తీసుకుంటాం, అది చాలు నాకు.

చేరాలనుకునేవాళ్లు మొదటి రెండు వారాల్లో ఈ సంగతులు గమనించండి. మొదటి రోజు గట్టు మీద కర్రలు పాతి, ఒక్కో కర్ర దగ్గర అసలైన పురుగునో తెగులు ఆకునో కట్టి, కింద మూడు డబ్బాలు పెట్టి చీటీలు వేయించారా? చదువు రానివాళ్లు కూడా పాల్గొనేలా పెట్టే పరీక్ష అది, చివరి వారం మళ్లీ పెడతారు, అది ఉందంటే నడిపేవాళ్లకి పద్ధతి తెలుసన్నమాట. మీరు ఏదైనా అడిగితే వెంటనే మందు పేరు చెప్పారా, చేలోకి పంపారా? నడిపేవాళ్లు ఎక్కువ మాట్లాడారా, రైతులా? నోరు విప్పనివాళ్లని పేరు పెట్టి పిలిచి అడిగారా? వీటిలో సగం లేకపోతే మొహమాట పడకుండా అడగండి, "అమ్మా, చార్టు వేద్దామా" అనండి చాలు, ఈ సహాయకుల్లో చాలామంది శిక్షణలో ఇది నేర్చుకునే వచ్చారు, పైనుంచి వచ్చే టార్గెట్ల టెన్షన్లో వదిలేస్తున్నారు. రైతులే అడిగితే వాళ్లకీ ఉత్సాహం వస్తుంది, నేను చూశాను.

మీతో పాటు మీ చేను కౌలుకి చేస్తున్న రైతునో, ఊడ్పుల మేస్త్రమ్మనో తీసుకెళ్లండి. పేర్లు ఆంధ్రలో అయితే రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుల దగ్గర, తెలంగాణలో అయితే రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర ఇవ్వాలి. ఊడ్పులు అయ్యాక చేరితే నారుమడి వారాలు పోతాయి. నారు కొనలు తుంచి నాటితే కాండం తొలుచు పురుగు గుడ్లు కొనలతోనే పోతాయన్న చర్చ ఆ వారాల్లోనే జరుగుతుంది. కాబట్టి విత్తనాలు నానబెట్టకముందే వెళ్లి అడగండి. మీ ఊళ్లో ఈ ఏడాది లేదంటే ముప్పై మంది సంతకాలతో అర్జీ ఇవ్వండి.